నీళ్లల్ల తలుపు

నవీపేట్ పక్కన, ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగినవాళ్ల కొత్తూరు. పగలు పదకొండు దాటింది. అరుగు మీద బీడీల చాట ఒడిలో పెట్టుకుని సత్తవ్వ. ఎదురుగా, బోధన్ నుంచి కెమెరా, దాన్ని నీళ్లలో దించే డబ్బాతో వచ్చిన నాగకుమారి.

"గా డబ్బ జర అటు జరుపు బిడ్డా. నీళ్లు కారి ఆకు తడుస్తున్నది. తడి ఆకుతోని బీడీ సేస్తె కార్ఖానల మొకాన కొడుతరు."

"అయ్యో, చూసుకోలేదు అవ్వా. ఇదిగో, కింద పెట్టేశాను."

"లోపటికి పోయినయా నీళ్లు?"

"ఒక్క చుక్క పోలేదు."

"ఒక్క సుక్క గూడ?"

"ఒక్కటి కూడా. రెండుసార్లు మునిగాను, మూడు నిలువుల లోతు. కెమెరా చూడండి, పొడిపొడిగా ఉంది. అదేంటి, మొహం అలా పెట్టారు?"

"ఎట్ల వెట్టిన? నా మొకమే గంత."

"పొద్దున మాత్రం గండం తప్పింది. కెమెరా పెట్టకముందు ఖాళీ డబ్బాని బకెట్లో ముంచి చూస్తాను కదా. సన్నగా బుడగలు. విప్పి చూస్తే రబ్బరు రింగు మీద వెంట్రుక. ఇంత పొడుగు. తెల్లది."

"తెల్లదా."

"మీదే అయ్యుంటుంది. నిన్న ఆ రింగు మీ చేతికిచ్చి, ఇసుక రేణువుందేమో తడిమి చూడమన్నాను కదా. అప్పుడు రాలినట్టుంది."

"రాలి ఉంటది. ముసలిదాని నెత్తి, ఊకె రాలుతది."

"మిమ్మల్ని అనట్లేదు. నా కంటికి ఆనని రేణువు మీ వేలికి దొరికింది. అంత సున్నితం ఉంది మీ వేళ్లలో."

"యాభై ఐదేండ్లు బిడ్డా. ఎనిమిదో ఏట పట్టిన గీ సాట. ఆకుల ఈనె ఉంటె కండ్లు మూసుకొని సెప్త. ఒక్క ఎంటిక పడితె అంత పెద్ద డబ్బకు నీళ్లు పట్టేదేనా?"

"ఒక్కటి చాలు. నీళ్లకి దారి దొరికితే అంతే. కెమెరా పోయేది, ఫోటోలూ ఉండేవి కావు. నిన్న చెప్పాను కదా మీకు."

"సెప్పినవ్. సెప్పినవ్."

"సరే, చూద్దామా? మీ ఆయన ఆత్మారాంగారు కూడా వచ్చాక..."

"వద్దు వద్దు. నాకు సూపెట్టు ముందుగాల. ఆయన నిజామాబాద్ పోయిండు, పండరీపురం టికెట్‌కు. పన్నెండు గొట్టంగ బస్సు దిగుతడు. గీ లోపట నేను సూడాలె."

"నన్ను అడిగింది ఆయనే కదా అవ్వా. ఒడ్డున నా చేతులు పట్టుకుని, 'మా అవ్వ ఇల్లు ఒక్కసారి సూపెట్టు బిడ్డా, మా దర్వాజ ఆడనే ఉండిపోయింది' అన్నారు. మొదట ఆయనే చూడాలని..."

"సూపెట్టకని అన్ననా నేను? ముందుగాల నాకు అన్న. ఆయన గుండె మంచిగ లేదు. దేవుని పటం సూసినా ఏడుస్తడు."

"సరే సరే. ఇలా దగ్గరికి రండి, తెర చిన్నది. ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టండి."

"మీ ఆంధ్రోళ్లు నీళ్లు కనవడితె సాలు, నాట్లు ఏస్తరు అనుకున్న. నువ్వేందే తల్లీ, మునుగుతనంటున్నవ్."

"మా తాతయ్య రత్తయ్యగారు కాలువ నీళ్లు చూసి చెరకు వేశారు. నాకు చెరకు రాలేదు, ఇది వచ్చింది."

"ఆడిపిల్లవు, వీపుకు గాలి డబ్బ కట్టుకొని గోదాట్ల దుంకుడు! మీ అమ్మ ఏం అనలే?"

"అంది. బోలెడంది. ఇదిగో, మొదటిది."

"గిదేంది? అంత పచ్చని పసురు. పసుర్ల బియ్యప్పిండి సల్లినట్టున్నది."

"అది ఒండ్రు. ఫ్లాష్ వెలుగుకి అలా మెరుస్తుంది. అందుకే లైటు పక్కకి పట్టుకోవాలి, కెమెరా మూరెడు దూరానికి తీసుకెళ్లాలి. అంతకంటే దూరముంటే ఏమీ కనపడదు. అందుకే ఇల్లు ఇల్లుగా రాలేదవ్వా. ముక్కలు ముక్కలుగా వచ్చింది. మెట్టు ఒకటి, గోడ ఒకటి..."

"ముక్కలే సూపెట్టు. కలుపుకునుడు నాకు వస్తది."

"ఇదిగో. రాతి మెట్టు. మధ్యలో గుంట పడింది."

"గది సావడి మెట్టు! గుంట ఎట్ల వడ్డదో ఎరికేనా? పోరగాండ్లు సింతగింజలు అరగదీసేది ఆడ కూసొని. మా కొడుకు మార్కండేయ గూడ. సంకల ఎత్తుకొని గుంజుకపోతుంటి. ఇంకోటి."

"ఇది ఒక గుమ్మం. గుమ్మం అంటే గుమ్మం లేదు, గోడలో ఖాళీ కంత. ఏ ఇంటికి పోయినా ఇంతే. తలుపులు లేవు, గడపలు లేవు. నీళ్లు కొట్టుకుపోయాయేమో."

"నీళ్లు కాదు బిడ్డా, మేమే పీక్కపోయినం. ఊరు ఇడిసినా దర్వాజ ఇడువరు మావోళ్లు. గడప తీసుకపోయి కొత్తగ కట్టిన తావుల పెడితె ఇల్లు ఎంబడి వచ్చినట్టే. గీ వాడల సూసినవ్ గద, రేకుల షెడ్డుకు గూడ నగిషీల టేకు దర్వాజలు. గవన్ని పాతూరియే."

"మీ ఇంటికి మాత్రం ఇనుప తలుపు."

"...మాది తెచ్చుకోలేకపోయినం."

"అదే ఆత్మారాంగారు చెప్పారు. అందుకే ఒక్క ఇంటికైనా తలుపుందేమో అని వెతికాను. దొరకదనుకున్నాను. అప్పుడు చప్పుడు వినపడింది."

"ఏం సప్పుడు?"

"ఏదో కొయ్య మీద తట్టినట్టు. నీళ్లలో చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలీదు అవ్వా, నెత్తి లోపలే కొట్టినట్టుంటుంది. పైకొచ్చి పడవ నడిపే సాయన్నని అడిగితే పడవ తిప్పేస్తానన్నాడు. 'ఆడ మేం వల ఎయ్యం, నీళ్లు దిగే దినాలల్ల తలుపు కొడుతది' అన్నాడు."

"సాయన్న లొట్టపీసు మాటలు. వానికి పొద్దుగాలనే కల్లు వడాలె. ...ఎన్నిసార్లు కొట్టింది?"

"లెక్కపెట్టలేదు."

"మూడా? మూడు కొట్టి, ఆగి, మల్ల మూడు?"

"ఎందుకు, అలా కొట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేదు, ఊకె అడిగిన."

"అవ్వా, బీడీ చేతిలో నలిగిపోయింది."

"నలగనీ. తర్వాత ఏమాయె?"

"చప్పుడు వెంటే పోయాను. చేయి చాపితే తగిలింది. ఇదిగో, చూడండి. తలుపు. నాచు పట్టింది కానీ కొయ్య చెక్కుచెదరలేదు. చుట్టూ రాతి గోడ. మీదేనా?"

"కాదు. మాది గాదు. మాది మట్టి గోడ."

"ఆత్మారాంగారు రాతి గోడ అన్నారే. ఊళ్లో రాళ్లూ సున్నంతో కట్టింది మీ ఇల్లొక్కటే అన్నారు."

"ఆయనకు యాదిల ఉండదు."

"ఆయనకి గూళ్లు ఎన్నున్నాయో కూడా గుర్తుంది. సరే, దీన్ని చూడండి, తలుపు మీద నల్లగా. రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి."

"డాంబరు."

"డాంబరేనా? ఏంటది?"

"గుర్తు. ఇల్లు ఖాళీ అయిందని. ఆపీసరు ఎంబడి ఒకడు డాంబరు డబ్బ పట్టుకొని తిరిగేది. ఖాళీ ఉన్న ఇంటికి గట్ల అడ్డదిడ్డం గీసుకుంట పోయేది. ...ఇంకేమన్న ఉన్నదా దాని మీద?"

"ఉంది. తాళం. చప్పుడు చేసింది అదే, నీళ్లకి ఊగి కొయ్యకి తగులుతోంది. చేత్తో పట్టుకున్నాను, ఆగిపోయింది."

"పట్టుకున్నవా? నీ సేతితోని?"

"ఆఁ."

"సల్లగ ఉండెనా?"

"నీళ్లలో అన్నీ చల్లగానే ఉంటాయి అవ్వా."

"అవును. ఉంటయి. ...బిడ్డా, మంచిగ సూసి సెప్పు. తాళం ఏసి ఉన్నదా, తీసి ఉన్నదా?"

"ఇదిగో, పెద్దది చేస్తాను. ఈ బొత్తాం నొక్కితే దగ్గరికొస్తుంది. కొక్కెం లోపలే ఉంది. వేసే ఉంది."

"మంచిగ సూడు. తుప్పు వట్టి అట్ల కనవడుతదేమో. ఎవలన్న తీసి, ఊకె తగిలిచ్చి పోయిండ్రేమో."

"లేదవ్వా. వేసే ఉంది. గుంజి చూశాను కూడా. అవ్వా? నీళ్లు తాగుతారా? చెంబు ఎక్కడుంది?"

"కూసో. ఏమొద్దు. ...ఆ ఎంటిక రాలలే బిడ్డా."

"ఏ వెంట్రుక?"

"రబ్బరు మీద ఎంటిక. రాలలే. నేనే పీకి పెట్టిన. గుండ్రంగ, రబ్బరు ఎంబడే, కనవడకుంట. బీడీకి దారం సుట్టినట్టు."

"మీరా? అవ్వా, నేను మిమ్మల్ని నమ్మి చేతికిచ్చాను! ఆ కెమెరా కోసం నేను ఎన్నేళ్లు పెళ్లిళ్లకి ఫోటోలు తీశానో తెలుసా?"

"తిట్టు. తిట్టు బిడ్డా, తిట్లు వడుత."

"ఎందుకు చేశారు?"

"గది సూడొద్దని. మల్ల రాత్రంత సూడాలెనని. పొద్దుగాల నువ్వు పోంగ ఎనుక నుంచి పిలిసిన, ఇనవడలే నీకు. కెమెరా మునగాలె అనుకున్న, మునగొద్దు అనుకున్న. గిట్ల రెండు దిక్కులా కొట్టుకుంటున్న ఇరవై తొమ్మిదేండ్ల సంది. గిది సూడు."

"తాళంచెవి."

"మొలతాడుకు కట్టుకున్న. కాన్పప్పుడు గూడ ఇప్పలే. ఆ తాళం నేనేసిన."

"ఇల్లు వదిలేటప్పుడు తాళం వేయడం..."

"లోపట మా అత్త ఉన్నది. మా అత్త. భీమవ్వ. మా ఆయనను కన్న అవ్వ."

"ఆవిడ పండరీపురం వెళ్లి తిరిగి రాలేదని కదా ఆత్మారాంగారు..."

"నేను సెప్పిన మాటనే గది. నా నోటి మాట. దాన్ని పట్టుకొని ఏటేట పోతడు ఆయన. తొలి ఏకాశి వస్తె సాలు. గుడి ముంగల కూసొని ఒక్కొక్క ముసలిదాని మొకం సూస్తడు. తొమ్మిది గజాల ఆకుపసురు రంగు చీర కొనుకపోతడు, మా అత్తకు పసురు మస్తు ఇష్టం. ఆమె దొరకదు. ఎవలో ముసలవ్వకు ఇచ్చి వస్తడు. గిప్పటికి బతికున్నా నూరేండ్లకు దగ్గర గద అంటె, 'నూరేండ్లు బతికినోళ్లు లేరా' అంటడు. ఏమనాలె?"

"అసలేం జరిగింది?"

"ఆఖరి దినం. మా ఆయన ఎడ్లు, సామాను కొట్టుకొని ముందుగాల వచ్చిండు గీడికి, కొయ్యలు పాతెటందుకు. దర్వాజకు మల్ల వస్త అన్నడు. ఊర్ల నేను, పిల్లలు, అత్త. పోలీసులు వచ్చిండ్రు. కదలనోళ్లను రెక్కలు పట్టి లారీల ఏస్తున్నరు. హన్మవ్వ అని బాలింత, మంచంతోని ఎత్తిండ్రు. మా అత్త సూసింది గది. 'మొగోడు నా రెక్క పట్టి లారీల ఎయ్యాల్నా? నేను రాను' అన్నది."

"మీరేమన్నారు?"

"కాళ్లు పట్టుకున్న. ఏడ్సిన. గప్పుడు ఆమెనే సెప్పింది ఉపాయం. 'సత్తీ, నేను లోపట కూసుంట. నువ్వు బయటికెల్లి తాళం ఎయ్యి. ఖాళీ అని సెప్పు. వాండ్లు డాంబరు గీసుకొని పోతరు. పొద్దూకంగ వచ్చి తియ్యి. కడసారి గూట్ల దీపం వెట్టుకొని, నా కాళ్లతోని నేను నడిసి వస్త' అన్నది. 'ఎవలన్న అడిగితె పండరీపురం పొయ్యే భజన గుంపుల, దిండీల కలిసి నడుసుకుంట పోయింది అని సెప్పు, నీ మొగనికి గూడ గట్లనే సెప్పు, లేకుంటె గాడు ఉరికొస్తడు' అన్నది. ఆషాడం గద, మరాఠోళ్లు భజన తాళాలు కొట్టుకుంట మా ఊరి మీదికెల్లే పండరీకి పొయ్యేది. ఎవలైనా నమ్ముతరు."

"మీరు వేశారు."

"ఏసిన. అత్త సెప్పినంక ఎయ్యకుంట ఉంటనా? పెండ్లయిన సంది ఆమె మాట దాటలే. ఆమె గట్టిది బిడ్డా. రజాకార్ల దినాలల్ల మా మామ దర్వాజకు లోపట అడ్డగడియ సేపిచ్చిండు, ఇంత లావు టేకు మొద్దు. గీ గోడల బొక్కల నుంచి గుంజి ఆ గోడల బొక్కకు తగిలియ్యాలె. ఏనుగు తన్నినా దర్వాజ కదలదు. నేను పదేండ్లు కాపురం సేసి గూడ ఎత్తలేకపోయిన. దినాం మాపటికి ఆమెనే ఏసేది, 'నీకెందుకే, నా ఇంటికి గడియ నేనే ఏసుకుంట' అనేది. బయటికెల్లి వస్తె సేతి కడెంతోని మూడు సార్లు కొట్టేది. మూడు కొట్టి, ఆగి, మల్ల మూడు."

"ఆపీసరు వచ్చాడా?"

"వచ్చిండు. 'ఎవలన్న ఉన్నరా?' అన్నడు. లేరు అన్న. సంకల పిల్లగాడు, సేతిల తాళంచెవి. వాడు డాంబరు గీసిండు. లోపటికెల్లి ఒక్క సప్పుడు లేదు. దగ్గు గూడ లేదు. నన్ను లారీ ఎక్కు అన్నడు. నేను నడిసి వస్త అన్న. పిల్లలను ఎక్కిచ్చిండ్రు, వాండ్లు ఏడుస్తున్నరు, ఎక్కిన. పొద్దూకంగ వాపస్ పోదాం, నడిస్తె రెండు గంటల తోవ గద అనుకున్న. ఎక్కంగనె వాన."

"గోదావరి వచ్చింది."

"ఎగువల రెండు దినాల సంది కొట్టిందంట, మాకేమెరుక. కింద ప్రాజెక్టు తూములు మూసిండ్రు, మీదికెల్లి వరద. నేను వాగుదాక ఉరికిన. వాగు లేదు బిడ్డా, సముద్రమే. ఒడ్డున నిలవడి మొత్తుకున్న. తెల్లారినంక మా ఆయన వచ్చి, 'అవ్వ ఏది?' అన్నడు."

"అప్పుడు చెప్పాల్సింది."

"నోరు తెరిసిన. ఆమె ఏ మాట సెప్పమన్నదో గదే వచ్చింది. 'పండరి పోయింది, దిండీల' అని. రెండు దినాలకు సెప్పవలసిన అబద్ధం. ఆయన నవ్విండు. 'గీ గడబిడల పండరి ఏందే ముసల్దానికి' అని నవ్విండు. ఆ నవ్వు సూసినంక ఎట్ల సెప్పాలె? నెలయింది, ఏడాదయింది. మాట గట్టివడ్డది. పొద్దూకిందంటె నాకు కాళ్లు ఆగయి. సాట పక్కన పెట్టి లేస్త. యాడికి లేస్తున్నవే అంటడు ఆయన. దీపం వెట్టెటందుకు అంట. 'పొద్దూకంగ వచ్చి తియ్యి' అన్నది గద. ఆమె ఇంక ఆడ కూసొని నా అడుగుల సప్పుడు ఇంటుందని. ఎదురుసూస్తుందని. గదొక్కటే బిడ్డా నా పానం తినేది. మునిగి సచ్చినందుకు గాదు. ఎదురుసూసుకుంట సచ్చినందుకు."

"అవ్వా, టైము పావుతక్కువ పన్నెండు. ఆయన వచ్చేస్తారు. ఏం చేయమంటారు? తలుపు ఫోటోలు ఆరున్నాయి. బొత్తాం నొక్కితే పోతాయి."

"పోతె యాడికి పోతయి?"

"ఎక్కడికీ పోవు. ఉండవు, అంతే."

"ఉండకుంటె యాడికో పోవాలె గద. మా అత్తను గూడ గట్లనే అన్నరు. ఉండదు, అంతే. ...తుడువు. తాళం సూసిండంటె ఆయన సస్తడు. వాడు గీసిన డాంబరు సూసినా సస్తడు. సావడి మెట్టు సూపెడుదాం. మన ఇల్లు కూలిపోయింది, దొరకలేదట అని సెప్త. ఇంకో అబద్ధం. సేతికి అలవాటే."

"నిజంగా తుడిచేయనా?"

"తుడువు అన్న గద."

"ఒక్క నిమిషం. ఇవి తలుపువి. ఇంకో మూడు ఉన్నాయి, అవి ఉంచుతాను. అవి వేరే ఇంటివి."

"ఏ ఇల్లు?"

"తెలీదు. రెండోసారి మునిగినప్పుడు అటువైపు నుంచి తిరిగొస్తుంటే ఒక ఇంటి వెనక గోడ కూలి ఉంది. లోపల నీళ్లు కదలక కాస్త తేటగా ఉన్నాయి, కానీ గాలి అయిపోవస్తోంది, లోపలికి పోవడానికి ధైర్యం చాల్లేదు. తల పెట్టి, చేతులు చాపి, చూడకుండానే మూడు నొక్కాను. ఏం పడ్డాయో నేనూ సరిగా చూసుకోలేదు."

"సూపెట్టు. ఎవలిదో సెప్త. ఏ వాడ గోడ ఏదో ఎరికె నాకు."

"ఇదిగో. విసుర్రాయి. ఒండ్రులో సగం మునిగింది."

"పక్కకు పెచ్చు ఊడి ఉన్నదా?"

"ఆఁ, ఇటు వైపు. తెలుసా ఎవరిదో?"

"గది నేను కొత్తకోడలి లెక్క వచ్చిననాడు కింద పడేసిన పెచ్చు. ఇంకోటి సూపెట్టు."

"మీదేనా? అంటే ఇది... వెనక వైపు నుంచి... అవ్వా, చూడద్దు. వద్దు."

"సూపెట్టు."

"లోపల ఏమీ లేదు. మోకాలి లోతు ఒండ్రు, అంతే. నిజం చెప్తున్నా, మనిషి... ఏమీ కనపడలేదు నాకు."

"సూపెట్టు బిడ్డా."

"గూడు. గూట్లో ఏదో చిన్నది, మట్టిది."

"దీపంత. వెట్టుకున్నది. కడసారి వెట్టుకుంట అన్నది గద, వెట్టుకున్నది. ఇంకోటి?"

"ఇది ఏంటో నాకు అర్థం కాలేదు. చేపలు గుడ్లు పెట్టాయి దీని మీద. ఒక పెద్ద మొద్దు. తలుపు వెనక వైపు అనుకుంటా, పలకలు కనిపిస్తున్నాయి. వాటికి అడ్డంగా ఉంది. పైకప్పు దూలం విరిగి పడినట్టుంది."

"దూలం మీద ఉంటది, దర్వాజకు అడ్డం ఎందుకు ఉంటది. పెద్దగ సెయ్యి."

"ఇంతేనా?"

"ఇంక. గా కొస సూపెట్టు. ఆ కొస. ...ఇప్పుడు గీ కొస."

"రెండు చివర్లూ గోడలోకి పోయాయి. రాళ్ల మధ్యలో బొక్కలు చేసి పెట్టినట్టు. దూలం కాదిది. ఎవరో కావాలనే తగిలించారు. అవ్వా? ఏడుస్తున్నారా? నవ్వుతున్నారా?"

"జరుపు, మల్ల జరుపు. గా బొక్కల దాక పోయిందా? నడిమిట్ల ఆగలే గద? మొత్తం ఏసి ఉన్నదా?"

"మొత్తం వేసే ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి."

"అరె ముండా. అరె నా అత్తా. దొంగ ముసల్దానా. పొద్దూకంగ వచ్చి తియ్యి అంటివే. నన్ను పంపెటందుకేనా? నేను వాగు ఈదుకుంట వచ్చినా, గీ తాళం తీసినా... నూకితె తెరుసుకునేదా? ఇరవై తొమ్మిదేండ్లు..."

"అవ్వా, మెల్లగా. హారన్ వినపడుతోంది. బస్సు వచ్చినట్టుంది. తుడిచేయమంటారా? త్వరగా చెప్పండి."

"సెయ్యి తీయి దాని మీదికెల్లి."

"తుడవద్దా?"

"ఒక్కటి తుడిసినవంటె నీ సేతులు ఇరగ్గొడుత. తాళంది ఉంచు, డాంబరుది ఉంచు. దీని పక్కకు ఉంచు. ఒకటి ఇడిసి ఒకటి సూస్తె అర్థం గాదు. ఆగు, కొంగుతోని కండ్లు తుడుసుకోనీ."

"ఆయన గుండె..."

"మంచిగ లేదు. ఎరికె. నాది గూడ మంచిగ లేదు."

"ఏమే సత్తవ్వా, పిల్ల వచ్చిందా? ఆఁ, వచ్చినవా బిడ్డా! దొరికిందా మా ఇల్లు? మా దర్వాజ ఉన్నదా?"

"ఆత్మారాంగారూ, ముందు కూర్చోండి. ఎండన పడి వచ్చారు."

"కూసుంట, కూసుంట. టికెట్ దొరికింది, సీటు గూడ దొరికింది. చీర సూడవే సత్తవ్వా, గీసారి అంచు పెద్దది తీసుకున్న. గిదేంది, బీడీలన్ని గిట్ల సల్లుకున్నయి? ఏడ్సినవా?"

"టికెట్ వాపస్ ఇయ్యి."

"ఏమన్నవ్?"

"చీర ఇటియ్యి. చీర మంచిగున్నది, పసురు. నీళ్లల్ల ఇడుద్దాం, ఇద్దరం పోయి."

"పిచ్చి లేసిందా నీకు? ఏకాశికి పది దినాలున్నది, టికెట్ వాపస్ ఏంది? అవ్వ గీ యేడన్న..."

"గిటు సూడు. బిడ్డా, ఆయనకు రెండు బొమ్మలు సూపెట్టు, ముందుగాల బయటిది, తర్వాత లోపటిది. మీ అవ్వ యాడికి పోలేదయ్యా, ఇంట్లనే ఉన్నది. బయట తాళం నేనేసిన, లోపట గడియ ఆమె ఏసుకున్నది."